ఇంటర్ తర్వాత ఎన్ని ఎంట్రన్సులు రాయించాలి? పలమనేరు అన్న అడిగినదానికి నా జవాబు

అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివినా. పాప తిరుపతిలో హాస్టల్లో ఉండి ఎంపీసీ సెకండియర్ చదువుతా ఉండాది, కాలేజీ వాళ్ళు తొమ్మిది ఎంట్రన్సుల లిస్టు చేతికిచ్చి అన్నిటికీ ఫీజులు కట్టమంటాండారు, డల్లాస్‌లో ఉండే మీ బామ్మర్ది ఏమో ఇవన్నీ ఎందుకు బావా శాట్ రాయించు అంటాండాడు, చిన్నోడు పదో తరగతి, వాడి సంగతి కూడా చెప్పండి అని. నేను తిరుపతిలో 22 ఏళ్ళుగా ఇంటర్ పిల్లోళ్ళకి ఫిజిక్స్ చెప్తా ఉండా. ప్రతి సంవత్సరం దసరా సెలవులు అయిపోతానే మీలాంటి అమ్మానాయనలు ఇదే లిస్టు పట్టుకుని స్టాఫ్‌రూమ్ కాడికి వస్తారు. అందుకే రొంత పెద్దదిగానే రాస్తాండా, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ లిస్టు మడిచి జేబులో పెట్టుకోండి. పరీక్షల కాడ మొదలుపెడితే ఈ లెక్క ఎప్పటికీ తెగదు, సీటు కాడ మొదలుపెట్టి వెనక్కి రావాల. వచ్చే ఆదివారం హాస్టల్‌కి పోయినప్పుడు పాపని పక్కన కూర్చోబెట్టుకుని తెల్లకాగితం మీద, సీటొస్తే నిజంగా చేరే కాలేజీలు మాత్రమే రాయండి. నిజంగా అంటే ఆ ఫీజు మీరు కట్టగలిగి ఉండాల, పాప అంత దూరం పోను ఒప్పుకోవాల, వాళ్ళ అవ్వ ఏడ్చినా సరే పంపించేటట్టు ఉండాల. ఆ కాగితంలో లేని కాలేజీ పెట్టే పరీక్ష ఎంత పేరున్నదైనా మీకు అక్కర్లేదు. నేను చూసినంతలో తొమ్మిది అప్లికేషన్లు వేసినోళ్ళ కాగితం మీద కూడా కాలేజీలు ఐదారుకి మించవు, వాటికి పరీక్షలు లెక్కపెడితే రెండో మూడో తేలుతాయి.

రెండో లెక్క, ఇది నా ఫిజిక్స్ బుద్ధి అనుకోండి, ఒక్కో ప్రశ్నకి ఎన్ని సెకన్లు ఇస్తారనేది. ఇంజనీరింగ్ ఎంట్రన్సులన్నిటికీ సిలబస్ దగ్గర దగ్గర ఒకటే, మన ఇంటర్ బోర్డు కూడా 2025-26 నుంచి ఫస్టియర్‌లో ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ తెచ్చినాక ఆ తేడా ఇంకా తగ్గింది. తేడా అంతా టైం కాడే. మన రాష్ట్రం ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు, అంటే ప్రశ్నకి 67 సెకన్లు. బిట్స్ పిలానీ వాళ్ళ బిట్‌శాట్ 130 ప్రశ్నలు అదే మూడు గంటల్లో, 83 సెకన్లు. ఎన్‌ఐటీల సీట్లకి రాసే జేఈఈ మెయిన్ 75 ప్రశ్నలే, 144 సెకన్లు. సైన్స్ రీసెర్చ్ చదువులు చెప్పే ఐసర్ వాళ్ళ ఐఏటీలో 60 ప్రశ్నలు, ప్రశ్నకి మూడు నిమిషాలు. డాక్టరు చదువుకి పోయేవాళ్ళ నీట్ అయితే 180 ప్రశ్నలకి 180 నిమిషాలు, ప్రశ్నకి నిమిషం. ఇప్పుడు మీ పాప ఎట్లాంటిదో చూడండి. లెక్క చూస్తానే చెయ్యి పరిగెత్తే పిల్లలు ఉంటారు, నిదానంగా కూర్చుని మొండిగా తవ్వి తీసే పిల్లలు ఉంటారు. మా క్లాసులో ప్రతి ఏడాదీ ఒకరిద్దరు ఉంటారు, జేఈఈ మాక్ టెస్టులో ముందుంటారు, ఈఏపీసెట్ మాక్‌లో 110వ ప్రశ్న కాడే బెల్ కొట్టేస్తారు. తెలివి తక్కువై కాదు, ఆ ఆట వేరే, దానికి ప్రాక్టీసు వేరే. తొమ్మిది పరీక్షలు రాయించడంలో అసలు నష్టం ఫీజు కాదన్నా, పిల్లకి ఏ ఒక్క ఆటకీ చెయ్యి కుదరకపోవడం.

ఈఏపీసెట్ గురించి జాస్తి చెప్తా, ఎందుకంటే కార్పొరేట్ కాలేజీల్లో దీన్ని చేతకానోళ్ళు రాసే పరీక్ష మాదిరి చూస్తారు, చివరికి పది మందిలో ఎనిమిది మంది చేరేది దీని ర్యాంకుతోనే. పాత ఎంసెట్టే ఇది, మెడికల్ నీట్‌కి పోయినాక 2021 నుంచి పేరు మార్చినారు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగెటివ్ మార్కులు లేవు. లేవు అంటే ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు అని, ఇది పిల్లలకి నూరుసార్లు చెప్పినా వదిలేసి వస్తారు. తెలియని ప్రశ్నలు 40 వదిలేసినోళ్ళకి వచ్చేది సున్నా, కళ్ళు మూసుకుని ఏదో ఒకటి నొక్కినోళ్ళకి నాలుగిట్లో ఒకటి లెక్కన ఓ 10 మార్కులు రావచ్చు. ఆ 10 మార్కుల విలువేందో ఇప్పుడు చూడండి.

ర్యాంకులో ఈఏపీసెట్ మార్కులకి 75 శాతం, ఇంటర్ గ్రూప్ సబ్జెక్టుల మార్కులకి 25 శాతం వెయిటేజీ. నార్మలైజేషన్, అంటే వేరే వేరే షిఫ్టుల పేపర్ల తేడా సరిచేసే లెక్క, పక్కన పెట్టి మోటుగా లెక్కేస్తా. ఒక పిల్లకి ఈఏపీసెట్‌లో 160కి 80, ఇంటర్ గ్రూపులో 93 శాతం అనుకోండి. 37.5 కి 23.25 కలిపితే 60.75. ఇంకొక పిల్లోడికి ఈఏపీసెట్‌లో 90, ఇంటర్‌లో 75 శాతం. 42.19 కి 18.75 కలిపితే 60.94. ఇద్దరూ దగ్గర దగ్గర ఒకే చోట నిలబడినారు. అంటే ఎంట్రన్సులో 10 మార్కులు ఎంతో ఇంటర్ బోర్డు పరీక్షలో 18 శాతం అంత. ఇది రెండు పక్కలా కోసే కత్తి. పబ్లిక్ పరీక్షల్ని గాలికి వదిలేసి మెయిన్ మెయిన్ అని తిరిగిన పిల్లోడికి ఇక్కడ దెబ్బ పడతాది, ఇంటర్‌లో బాగా తెచ్చుకున్న ఊరి పిల్లకి ఇక్కడ ఆసరా దొరుకుతాది. ఇంకొకటి, ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి, తెలుగు మీడియంలో చదివిన పిల్లలైతే అప్లికేషన్‌లోనే ఆ భాష పెట్టుకోవాల.

లోకల్ సంగతి. కన్వీనర్ సీట్లలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకు మీద ఇచ్చే వాటిలో, 85 శాతం లోకల్ వాళ్ళకి. మనది ఎస్వీయూ ఏరియా, అంటే పాత లెక్కన చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు. పాప ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్ళు ఈ ఏరియాలోనే చదివి ఉంటే ఏ గొడవా లేదు. పలమనేరు, కుప్పం పక్క వాళ్ళకి దీన్ని ప్రత్యేకంగా ఎందుకు చెప్తాండానంటే మీ పక్క బెంగళూరు దగ్గర అని తొమ్మిదీ పదీ అక్కడ చదివించినోళ్ళు చానామంది. అట్ల చదివించి ఉంటే స్టడీ సర్టిఫికెట్లు, రెసిడెన్స్ సర్టిఫికెట్లు ఇప్పటి నుంచే కూడబెట్టుకోండి, కౌన్సెలింగ్ నాడు పరిగెత్తితే కాదు. సీట్లలో మూడోవంతు ఆడపిల్లలకి. ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ, కలికిరి జేఎన్‌టీయూ కాలేజీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ ఇంజనీరింగ్, ఇవి మీ కాగితం మీద ఉండాల్సినవి అని నా ఉద్దేశం. పెద్ద బిల్డింగుల ప్రైవేటు కాలేజీ అంటే మోజు పడి వీటిని వదిలేసినోళ్ళని చూసినా, నాలుగేళ్ళ తర్వాత ఫీజు బాకీ మిగిలిందే గాని ఇంకేం లేదు. విట్-ఏపీ, ఎస్‌ఆర్‌ఎం-ఏపీ లాంటి ప్రైవేటు యూనివర్సిటీల్లో కూడా కొన్ని సీట్లు ఈఏపీసెట్ కన్వీనర్ కోటాలో ఇస్తారు, ఈ విషయం చానామందికి తెలీక వాళ్ళ సొంత పరీక్ష రాసి ఫుల్ ఫీజు కట్టేస్తారు.

ఇక్కడ ఒక కోపం చెప్పుకోవాల. కొన్నేళ్ళ కిందట మా చుట్టాలమ్మాయి ఒక కాలేజీలో చదివేది, పేరెందుకులే, అక్కడ అప్లికేషన్లన్నీ ఆఫీసులో క్లర్కే నింపినాడు, పిల్లల నంబర్లు కాకుండా కాలేజీ ఫోన్ నంబరు పెట్టి. పాస్‌వర్డ్ వాళ్ళ కాడే, ఓటీపీ వాళ్ళ ఫోన్‌కే. ఆ పాప కేటగిరీ బీసీ-బి అయితే ఓసీ అని పడింది, ఇంట్లో ఎవరూ చూసుకోలేదు, హాల్ టికెట్ వచ్చినాక తెలిసింది. సరిచేయించుకునేసరికి వాళ్ళ నాయనకి చెప్పులు అరిగిపోయినాయి. అదే కాలేజీ వాళ్ళు వెబ్ ఆప్షన్లు, అంటే కౌన్సెలింగ్‌లో పెట్టే కాలేజీల వరస, అది కూడా మేమే పెడతాం అన్నారు, అప్పటికి తెలివొచ్చి వాళ్ళు ఇవ్వలేదు. కాబట్టి అన్నా, ఫోన్ నంబరు మీది, మెయిల్ పాపది, పాస్‌వర్డ్ ఇంట్లో నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. పదో తరగతి మెమోలో పేరు ఎట్లుందో అక్షరం అక్షరం అట్లే ఉండాల, ఆధార్‌లో ఇంటిపేరు వేరేగా ఉంటే ఇప్పుడే సచివాలయానికి పోయి మార్పించుకోండి.

సర్టిఫికెట్ల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పేస్తా. మన రాష్ట్రం బీసీ సర్టిఫికెట్ ఈఏపీసెట్‌కి సరిపోతుంది, ఐఐటీ ఎన్‌ఐటీలకి సరిపోదు. వాళ్ళకి కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాల, అది ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చింది అయి ఉండాల. మన లిస్టులో బీసీ అయిన కులం కేంద్రం లిస్టులో ఉండకపోవచ్చు, అది ముందే చూసుకోండి. ఈడబ్ల్యూఎస్, అంటే ఓసీల్లో ఆదాయం తక్కువున్న వాళ్ళకీ ఏప్రిల్ 1 లెక్కే.

జేఈఈ మెయిన్‌కి వస్తే, సంవత్సరానికి రెండుసార్లు, జనవరిలో ఒకటి ఏప్రిల్‌లో ఒకటి, రెండిట్లో ఏది మంచి స్కోరైతే దాన్నే తీసుకుంటారు. మొత్తం 300 మార్కులు, రైటుకి 4, తప్పుకి ఒకటి పోతాది. పాప రెండుసార్లూ రాయాల, ఇందులో మాట్లాడేది లేదు. జనవరిది బోర్డు పరీక్షల ముందర వస్తాది కాబట్టి అప్పటికి సెకండియర్ సిలబస్ సగం అరగదీసి ఉంటారు, స్కోరు తగ్గితే ఏడవొద్దని చెప్పండి. 13 భాషల్లో ఉంటాది, తెలుగు కూడా ఉండాది. పర్సంటైల్ అంటే శాతం అనుకుని మోసపోయేవాళ్ళు చానామంది, 90 పర్సంటైల్ వచ్చింది సార్ అని స్వీట్లు పంచినోళ్ళని చూసినా. 14 లక్షల మంది రాస్తే 90 పర్సంటైల్ అంటే ముందర లక్షా 40 వేల మంది ఉండారని, 99 అంటే 14 వేల మంది ఉండారని. తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో సగం సీట్లు మన రాష్ట్రం వాళ్ళకే, ఆడపిల్లలకి ఐఐటీ, ఎన్‌ఐటీల్లో 20 శాతం దాకా అదనపు సీట్లు, అవి మీ పాపకి కలిసొచ్చేవి. ఇంటర్‌లో 75 శాతం ఉండాల, ఎస్సీ ఎస్టీలకి 65, లేకపోతే బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాల. ఇది గుర్తుంచుకోండి, మెయిన్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని ఇంటర్‌లో 71 శాతంతో ఆగిపోయిన పిల్లోడు మా కాడ ఉండాడు.

ఐఐటీలకి పెట్టే జేఈఈ అడ్వాన్స్‌డ్, మెయిన్‌లో పైన రెండున్నర లక్షల మందికే. వరసగా రెండేళ్ళలో రెండుసార్లే రాయొచ్చు, పేపర్ ఇంగ్లీషు, హిందీలో మాత్రమే. ఏర్పేడు కాడ ఐఐటీ మన ఇంటి పక్కనే ఉండాది, 2015 నుంచి ఉండాది, గోడ కనపడతాది కాబట్టి సీటు సులువు అనుకోవద్దు, బొంబాయి ఐఐటీకి ఏ పరీక్షో దీనికీ అదే పరీక్ష. పాపకి అర్హత వస్తే రాయనీండి, దానికోసమని ఇప్పుడు ఐఐటీ బ్యాచ్‌కి మార్చి జాస్తి ఫీజు కట్టొద్దు.

అదే ఏర్పేడులో ఐసర్ ఉండాది, అది కూడా 2015లోనే వచ్చింది. మన జనానికి దీని గురించి అస్సలు తెలీదబ్బా, తిరుమల బస్సు ఎక్కేవాళ్ళని అడగండి, పదిమందిలో ఒకరు చెప్తే గొప్ప. సైన్స్ అంటే ఇష్టం ఉండి, రీసెర్చ్ వైపు పోవాలనుకునే పిల్లలకి ఐదేళ్ళ బీఎస్-ఎంఎస్. దానికి ఐఏటీ అని సొంత పరీక్ష, ఇప్పుడు సీట్లన్నీ దాంతోనే. బయాలజీ, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఫిజిక్స్ ఒక్కోదానికి 15 ప్రశ్నలు, రైటుకి 4, తప్పుకి ఒకటి పోతాది. ఎంపీసీ పిల్లలు బయాలజీ చూసి భయపడి అప్లికేషన్ వేయరు, ఆ 15 వదిలేసినా మిగతా 45 మన చేతిలోవే కదా. పైన చెప్పిన నిదానంగా తవ్వే రకం పిల్లలకి ఇది సరిగ్గా సరిపోతాది. మీ పాప ఏ రకమో మీరు చెప్పలేదు, ఫిజిక్స్‌లో ఎందుకు అని అడిగే పిల్లైతే మాత్రం ఇది కట్టించండి.

బిట్‌శాట్‌లో సీటు వస్తే ఫీజు లక్షల్లో, మీరు ఒప్పుకోగలిగితేనే. విట్ మీకు చిత్తూరు దాటితే వెల్లూరే, బస్సెక్కితే పోయి చూసొచ్చేయొచ్చు, కానీ అది తమిళనాడు, మన ఫీజు రీయింబర్స్‌మెంట్ దానికి రాదు, ర్యాంకు వెనకైతే ఫీజు కేటగిరీ పెరుగుతాది. ఇట్లాంటి డీమ్డ్ యూనివర్సిటీల పరీక్షల్లో సీటు రావడం కష్టం కాదు, ఫీజు కట్టడం కష్టం, అందుకే కాలేజీ లిస్టులో ఇవి ఐదున్నాయంటే నాకేం ఆశ్చర్యం లేదు. ఆర్కిటెక్చర్ అంటే నాటా లేకపోతే మెయిన్‌లో పేపర్-2. ఆడపిల్లలు మిలిటరీ ఆఫీసర్లు అయ్యేదానికి పెట్టే ఎన్‌డీఏ పరీక్ష కూడా 2021 నుంచి రాస్తాండారు, పాపకి యూనిఫాం మీద మనసుంటే యూపీఎస్‌సీ ఏడాదికి రెండుసార్లు పెడతాది, దాంట్లో మ్యాథ్స్ 300 మార్కులకి, మన ఎంపీసీ వాళ్ళకి అనుకూలమే. ఇంజనీరింగే వద్దు, బీఎస్సీ బీఏ చాలు అంటే సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ, మామూలు డిగ్రీ కాలేజీలకి ఎంట్రన్సే లేదు, ఆన్‌లైన్ అడ్మిషన్ అంతే.

ఇప్పుడు మీ బామ్మర్ది మాట. ఆయన చెప్పేది ఆయన ఊరికి సరే. శాట్ అనేది అమెరికాలో డిగ్రీకి పోయేవాళ్ళు రాసేది, ఇప్పుడు పూర్తిగా కంప్యూటర్ మీదనే, 98 ప్రశ్నలు, రెండు గంటల 14 నిమిషాలు, 1600కి స్కోరు. మ్యాథ్స్ భాగం మన పిల్లలకి చిన్నపిల్లల ఆట, 44 లెక్కలు, స్క్రీన్ మీదే క్యాలిక్యులేటర్ కూడా ఇస్తారు. మునిగేది ఇంగ్లీష్ రీడింగ్ కాడ. ఏసీటీ అని ఇంకొకటి ఉండాది, శాట్‌కి బదులు దాన్ని కూడా తీసుకుంటారు, రెండూ రాయాల్సిన పని లేదు. కొన్ని యూనివర్సిటీలు స్కోరు అడగవు, కొన్ని మళ్ళీ అడగడం మొదలుపెట్టినాయి, ఎంఐటీ 2022లోనే మళ్ళీ తప్పనిసరి చేసింది.

ఆయన ప్లేస్‌మెంట్ టెస్ట్ అని కూడా ఏదో అన్నాడని రాసినారు, క్యాంపస్ సెలెక్షన్లు అప్పుడే ఎందుకు అని మీరు కంగారు పడినారు. అది ఉద్యోగం కాదన్నా. అక్కడ సీటొచ్చినాక పిల్లని ఏ లెవెల్ మ్యాథ్స్ క్లాసులో, ఏ లెవెల్ ఇంగ్లీష్ క్లాసులో కూర్చోబెట్టాలా అని చూసుకునే పరీక్ష. అక్యుప్లేసర్, అలెక్స్ అని ఉంటాయి, ఎక్కువగా అక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో, స్టేట్ యూనివర్సిటీల్లో పెడతారు. అందులో పాస్ ఫెయిల్ ఉండదు. కానీ తేలిగ్గా తీసుకుని తక్కువ తెచ్చుకుంటే కింది క్లాసులో వేస్తారు, ఆ క్లాసుకీ ఫీజు కట్టాల, చానాచోట్ల అది డిగ్రీ లెక్కలోకి కూడా రాదు. ఆయన ఏపీ ఎగ్జామ్స్ అన్నాడంటే అది కూడా ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అక్కడ హైస్కూల్ పిల్లలు మే నెలలో రాస్తారు, 1 నుంచి 5 దాకా స్కోరు, మంచి స్కోరుంటే కాలేజీలో కొన్ని సబ్జెక్టులు మినహాయిస్తారు. మీ పాపకి ఇప్పుడు అవసరం లేదు. బీటెక్ ఇక్కడ చేసి ఎంఎస్‌కి పోతే అప్పుడు జీఆర్‌ఈ, టోఫెల్ చూసుకోవచ్చు, నాలుగేళ్ళ అమెరికా ఫీజు కట్టే స్తోమత ఉంటే మీరు ఈ ప్రశ్న నన్ను అడిగి ఉండరు, ఏమనుకోవద్దు.

చిన్నోడు పది కదా. వాడికి పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలిసెట్ రాయించండి, 120 ప్రశ్నలు రెండు గంటలు, మూడేళ్ళ డిప్లొమా అయినాక ఈసెట్ రాసి బీటెక్ సెకండియర్‌లో నేరుగా చేరొచ్చు. చేతి పని మీద మనసున్న పిల్లోడైతే ఇంటర్ కంటే ఇదే మేలు, ఇది నా అభిప్రాయం, మా కొలీగ్స్ ఒప్పుకోరు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ళ కోర్సు, గవర్నమెంటు స్కూల్లో చదివినోళ్ళకి రొంత అదనంగా కలుపుతారు. వాడిది జెడ్పీ స్కూలే అని రాసినారు కాబట్టి ఇది వదలొద్దు.

పాపకి నేనైతే జేఈఈ మెయిన్ రెండుసార్లు, ఈఏపీసెట్, సైన్స్ మీద ఇష్టముంటే ఐఏటీ, అంతటితో ఆపేస్తా. జనవరి మెయిన్ అయ్యేదాకా 144 సెకన్ల ప్రాక్టీసు, తర్వాత బోర్డు పరీక్షలు అయ్యేదాకా బోర్డు పరీక్షలే, ఏప్రిల్ మెయిన్ దాటినాక రోజూ పొద్దున్నే ఒక ఈఏపీసెట్ పూర్తి పేపర్, గడియారం ఎదురుగా పెట్టుకుని. తిరుపతి సెంటర్ పెట్టుకుంటే ఇంకొక మాట, ఎండాకాలం సెలవుల్లో కొండకి వచ్చే జనంతో బస్టాండ్ చుట్టుపక్కల లాడ్జి దొరకదు, పొద్దున షిఫ్ట్ పడితే పలమనేరులో తెల్లారుజామున బస్సెక్కి వస్తాంలే అనుకోవద్దు, పాప హాస్టల్లోనే ఉంటే సరే, ఇంటికి వచ్చేసి ఉంటే ముందురోజే ఎవరైనా చుట్టాలింట్లో దిగండి. పాప ఫస్టియర్ మార్కులు, మీ కేటగిరీ, ఆ తెల్లకాగితం మీద తేలిన కాలేజీల పేర్లు ఇక్కడే కింద రాయండి, వెబ్ ఆప్షన్ల వరస ఎట్ల పెట్టాలో అప్పుడు చెప్తా.